మంచు మీద నడక

బర్బాంక్‌లో ఆ స్టూడియో ఇవాళ్టితో సరి.
వర్తూహి జోళ్లన్నీ అట్టపెట్టెల్లో సర్దుతోంది.
నూట పన్నెండు జతలు,
ఒక్కటీ ఇంటికి తొడుక్కెళ్లింది కాదు.

ముప్పయ్యేళ్లు తెరమీద ఎవరు నడిచినా
చప్పుడు ఈమెది.
హంతకుడి బూట్లు, పెళ్లికూతురి హైహీల్స్,
గుడ్డసంచిలో మొక్కజొన్న పిండి పిసికితే
సైబీరియా మంచు.
సెలెరీ కాడ విరిస్తే ఎవడిదో మెడ.

ఇప్పుడు అడిగితే చాలట, యంత్రమే నడిచేస్తుంది.
హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింది.
"బాగానే నడుస్తోంది.
దానికింకా మోకాళ్ల నొప్పులు రాలేదు."

మళ్లీ పిలుస్తాం అన్నారు.
ఎప్పుడో వాళ్లకీ తెలీదు.

పార్కింగులో కారు దాకా వెళ్లింది.
కిటికీ దగ్గర నిలబడి విన్నాను.
మైకులన్నీ అప్పటికే డబ్బాల్లో.
ఆమె సొంత చెప్పుల చప్పుడు
నేను వినడం అదే మొదలు.
ఎడమ కాలు కాస్త ఈడుస్తుంది.