నీలిపొగ

వింజమూరు అవతల ముప్ఫైమూడు కేవీ సబ్‌స్టేషన్.
రాత్రి షిఫ్టులో ట్రాన్స్‌ఫార్మర్ గొణుగుడూ నేనూ.
పదకొండూ ఇరవైకి గొణుగుడు ఆగింది.
లాగ్‌బుక్కులో రాశాను:
పైలైను లేదు. కారణం తెలియదు.

కంచె అవతల చెంగమ్మ బట్టీ,
నాలుగు రోజులుగా మండకుండా మండుతోంది.
చిల్లమొద్దులు నిలువునా పేర్చి
బోదగడ్డి కప్పి ఎర్రమన్ను మెత్తితే
వెన్నెల్లో పడుకున్న గేదె వీపులా ఉంది.
బీడీకి నిప్పు కావాలని
నాకు నేనే చెప్పుకుని వెళ్ళాను.

"పైన కాలు పెట్టబాకబ్బయా, లోపలికి దిగిపోతావు."

ఆమెకు మీటర్లు లేవు, పొగే ఉంది.
తెల్లగా వస్తే కట్టెలో తడి ఇంకా ఉన్నట్టు.
పసుపు తిరిగి కళ్ళు మండిస్తే
జిగురు కాగుతున్నట్టు.
సన్నగా, నీలంగా,
ఉందా లేదా అన్నట్టు లేచిందా,
ఇక కన్నాలన్నీ మూసెయ్యాలి.
ఆ గడియలో కునుకు పడితే
పొద్దునకి బూడిద.
పోయినేడు అట్నే పోయిందంట ఒక బట్టీ.
ఆ బస్తాలు మేస్త్రి
ఇంకా వీళ్ళ బాకీలోనే రాస్తన్నాడంట.

"గాలి నిండా పెడితే నిప్పు మొత్తం తినేసి పోద్ది.
అరాకొరా పెట్టాల.
ఆకలి మీద ఉంచితేనే బొగ్గు మిగిలేది."
మామూలుగానే అంది.
పక్కన సత్తుగిన్నె బోర్లించి ఉంది.

"మీ కరెంటు యాడనించి వస్తాది?"
కృష్ణపట్నంలో ఓడలు దిగుతాయన్నాను.
బొగ్గు పొడికొట్టి, నీళ్ళు కాచి,
ఆ ఆవిరితో చక్రం తిప్పి...
"బొగ్గేనా!"
మొదటిసారి నవ్వింది.
"మరి దాన్ని కాల్చిందెవురు?"

ఎవరూ కాదు.
అడవులు మన్ను కింద పడి
కోట్ల ఏళ్ళు అట్లా ఉండిపోయాయి.
చాలాసేపు మాట్లాడలేదు.
అరచేత్తో మన్ను సవరించింది,
ఎక్కడో పగిలిన చప్పుడు నాకు వినపడలేదు, ఆమెకు వినపడింది.
"అయితే బూమి గూడా
కన్నాలు మూసి కూచోనుందన్నమాట,
నిద్ర పోకుండా."

నా బీడీ ఆరిపోయింది.

రెండూ ముప్ఫైఅయిదుకి లైను వచ్చింది.
మా తలల మీద తీగలు ఝుమ్మన్నాయి,
ఆమె గుడిసెను దాటి
ఊరివైపు వెళ్ళిపోయాయి.
యార్డులో సోడియం దీపం వెలిగింది,
మన్నూ మనిషీ పొగా
అంతా ఒకటే పసుపు.

"ఆ లైటు ఆర్పబ్బయా!" కేకేసింది చెంగమ్మ,
రెండు చేతుల నిండా తడిమన్నుతో.
"పొగ రంగు తెలీడంలా!"

పరిగెత్తి స్విచ్చి ఆపాను.
చీకట్లో ఆమె చుట్టూ తిరుగుతోంది,
ఒక్కో కన్నం దగ్గరా వంగుతోంది.
లాగ్‌బుక్కు తెరిచి వెతికాను,
దీన్ని రాయడానికి గడి లేదు.