గేటు ఇవతలి కండ్లు

రువైస్‌ల నా దుకాణం పొడుగు ఆరడుగులు.
ఛార్జర్లు, కవర్లు, పగిలిన తెరలు,
మొలకు వేలాడే నకిలీ ఇయర్‌ఫోన్లు.
అసలు గిరాకీ మాత్రం వేరే.
నేను ఫోన్ల కండ్లు తీస్త.

రిఫైనరీ గేటు కాడ నాలుగు భాషలల్ల రాసుంటది,
కెమెరా ఫోను లోపలికి రాదని.
ఆ నాలుగిట్ల మనది లేదు.
మనోళ్లు గేటు దాంక పోయి వాపస్ వస్తరు,
రెండు దినాల జీతం కోత పడ్డంక
ఎవలో ఒకలు చెప్తరు:
పెషావర్ దర్జీ పక్క సందుల
మనోడే ఉన్నడు, గంగారాం, పో.

రాజేశం గట్లనే వచ్చిండు.
కోరుట్లల కిస్తుల మీద కొన్న ఫోను,
ఇంక తొమ్మిది కిస్తులు బాకీ.
వీసాకు అప్పు, టికెట్‌కు అప్పు,
అయినా ఫోను కొత్తదే తెచ్చుకున్నడు.
ఏజెంటు చెప్పిండట:
"ఆడ బియ్యం దొరుకుతయ్, చింతపండు దొరుకుతది,
మాట్లాడనీకి మనిషి దొరకడు.
మంచి ఫోను కొనుక్కపో."

కవరు వెనక ఇండియా సిమ్ము,
బ్యాంకు మెసేజ్ దానికే వస్తదని
పుట్టువెంట్రుకల లెక్క కాగితంల మడిచిండు.
"అన్నా, నొప్పి..." అనబోయి నాలిక కర్సుకున్నడు.
"ఖరాబు గాదు కదా?" అన్నడు.

నాలుగు మరలు. వేడిగాలి. సన్న పట్టకారు.
వెనకది శెనగగింజంత, ముందుది జొన్నగింజంత.
అరచేతుల పెడితే
ఊపిరికి ఎగిరిపోతయేమోనని
మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నడు.
"ఇంతేనా?"
"ఇంతే. ఇంటికి పోయేనాడు రా, మళ్ల పెడ్త.
పెట్టినందుకు పైసలు తీసుకోను."

బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి ఉన్నది నా కాడ.
అండ్ల కాగితం పొట్లాలు:
రాయచోటి రెడ్డెప్ప, రెండు.
అంబాజీపేట నూకరాజు, నాలుగు. ఆయనది ఖరీదు ఫోను.
మెట్‌పల్లి సాయమ్మ కొడుకు, రెండు.
పేరడిగితే గదే చెప్పిండు, గదే రాసిన.

ఆ ఫోన్లల్ల
ఊరు ఇటు కనిపిస్తది,
ఇటుది ఊరికి కనిపించది.
బిడ్డ గోడ పట్టుకొని నిలబడ్డది కనిపిస్తది,
సూసి ఈడ ఎవడు ఎట్ల కూలబడ్డడో
ఆడికి పోదు.

ఆరు వారాలకు రాజేశం మళ్ల వచ్చిండు.
"జమున నమ్ముతలేదన్నా.
మొకం ఎందుకు చూపియ్యవ్, దెబ్బ తాకిందా,
గదిల ఎవలన్న ఉన్నరా అంటది. నువ్వు చెప్పు."
ఫోను మూతి కాడ పెట్టుకొని చెప్పిన:
"చెల్లె, నేను గంగారాం.
నీ మొగని కన్ను నా కాడ భద్రంగ ఉన్నది."
పంపినంక ఇద్దరం మొకాలు సూసుకున్నం.
అది ఇనకముందే తుడిపేసి
మళ్ల చెప్పిన, కెమెరా అని, ఫోనుదని,
గేటు సంగతి మొదటి నుంచి.

నా ఫోనుతోని ఫోటో తీసి పంపినం.
దర్జీ షట్టరు ముంగట, అంగీ గుండీలు పెట్టుకొని,
నవ్వమంటే దవడ బిగబట్టిండు.
గంటకు జవాబొచ్చింది, ఒక్కటే మాట.
"చిక్కినవ్."

ఆ మాట మీద ఏలు పెట్టి
చానసేపు నిలబడ్డడు, గిరాకీకి అడ్డం.
నేను జరుగుమనలేదు.

అందరు రారు డబ్బా కాడికి.
నూకరాజు సౌదీ పోయిండంటరు, కొత్త ఫోను కొన్నడంటరు.
సాయమ్మ కొడుకుది మూడేండ్లు,
ఎండకు కాగితం మీద సిరా ఎర్రబడ్డది.
పొద్దుపోయినంక ఒకనాడు
బతికే ఉన్నదా అని దాన్ని తీసి
పాత బోర్డుకు తగిలిచ్చిన.

మెట్‌పల్లి సూసిన కన్నది.
అండ్ల ఏం దాగదని నాకెరుకే, ఇది నా పని.
అయినా స్పిరిటు దూదితోని తుడిసి తెర దిక్కు సూసిన.

ముందుగాల్ల మసక.
తర్వాత ట్యూబ్‌లైటు.
తర్వాత, తెర నిండ,
గోటి కింద నల్లగ మైల పట్టిన
నా బొటనవేలు.