పితికిపప్పు

గ్రీమ్స్‌పేట జిమ్ములో నూరు కేజీలెత్తి
ఇంటికొచ్చేసరికి నా వేళ్ళు నావి కావు.
షూ లేసులు విప్పేదానికే గోడకానుకున్నా.

పెరట్లో అవ్వ. ముందర సత్తు బేసిన్లో
పొద్దున నానేసిన అనపగింజలు.
బొటనవేలు, చూపుడువేలు, ఒక్క నొక్కు:
తోలు ఈడ, పప్పు ఆడ.
గురి తప్పి ఎగిరిందాన్ని కోడి తన్నుకుపోయింది.

"ఎంతెత్తినావు మే?"
"నూరు కేజీలవ్వా."
"ఎత్తి యాడికి మోసినావు?"
"యాడికీ లేదు. ఎత్తి ఆడే దించినా."
అవ్వ చెయ్యి ఆగింది.
"ఆడే దించేదానికా ఇంత ఆకలి!"

ఇళంగోవన్ సారు రాసిచ్చిన పొడి డబ్బా
మూడువేల రెండొందలు.
ఆ చీటీ బ్యాగులోనే
నా చెమటకు నాని మెత్తబడింది.

నేనూ ఒక గింజ తీసి నొక్కినా.
జారింది.
ఇంకోటి. అదీ జారింది.
ఇనప కడ్డీని వదలని చెయ్యి
అనపగింజ దగ్గర వణికింది.

అవ్వ నవ్వలేదు.
తన వేలు నా వేలిమీద పెట్టింది.
గానుగకు చెరుకందించీ అందించీ
గోరు సగమే మిగిలిన వేలు.
నొక్కింది.
పచ్చంగా, తడిగా, రెండు బద్దలు
నా అరచేతిలో.

రాత్రి సంగటి ముద్దకు గుంట చేసి
పులుసు పోసింది అమ్మ.
తొడల్లో మంట
ముద్ద ముద్దకీ కొంచెం కూర్చుంటా ఉంది.
అడక్కుండానే రెండో గరిటె వేసి
అవ్వ అనింది:
"రేపూ ఆడే దించు పో.
గింజలింకా ఉండాయి."