కిలోకి నలభై

నా పని తూకం.
ఫిషింగ్ హార్బరులో జెట్టీ చివర, ఐసు మిల్లు గోడ నీడన
ఒక కాటా, ఒక రిజిస్టరు,
ఉప్పుగాలికి ఉబ్బిపోయిన రశీదు పుస్తకం.
సముద్రంలో తెగి మిగిలిపోయిన వలలు తెస్తే
కిలోకి నలభై రూపాయలు.

వేటగాడు వదిలేసినా
వేట మానదు వల.
రాళ్ల సందున నోరు తెరుచుకుని
కానాగంతను పట్టి,
ఆ కుళ్లుకు వచ్చిన పీతను పట్టి,
పీత కోసం వచ్చిన తాబేలును పట్టి
ఎవరికీ అమ్మదు.

మొదటి నెల ఒక్కరూ రాలేదు.
"సముద్రానికి సీపురేటి బావూ!" అని నవ్వి
మైలపల్లి మసేను కాటా ఎక్కి
తన బరువు చూసుకుని పోయాడు.
యాభై ఎనిమిది.

రెండో నెల అతనే తెచ్చాడు.
పాకుడు పట్టి, గుల్లలు కాసిన వల, పన్నెండు కిలోలు.
మధ్యలో ఒక తాబేలు డిప్ప.
తీసి పక్కన పెట్టి తూచాను.
"దీనికి రేటు నేదా?"
లేదు. రిజిస్టరులో దానికి గడి లేదు.

ఆ తర్వాత వరస.
వరసతో పాటే విద్యలు:
తడిసిన వల ఎక్కువ తూగుతుంది,
ముడిలో ఇసుక ఇంకా ఎక్కువ.
దులిపించేవాణ్ణి. తిట్టించుకునేవాణ్ణి.
ఆ రాత్రుళ్లు మా ఆవిడ కూర వడ్డిస్తుంటే
గరిట బరువు కూడా మనసులో తీసేసేవాణ్ణి.

వేట నిషేధం రోజులు. భృతి ఇంకా పడలేదు.
ఎల్లాజీ కొడుకు, పద్నాలుగేళ్లవాడు,
భుజాన వల మోసుకొచ్చాడు.
నీలం రంగు వెలవలేదు.
అంచు సూటిగా ఉంది.
సముద్రం కొరుకుతుంది, కోయదు.
ఇది బ్లేడు.
తిప్పి పంపాను.

మర్నాడు అదే వల,
అంచులు రాయికేసి రుద్ది, పీచు పీచు చేసి,
బురద పూసి, నాచు చుట్టి.
గుల్లలు మాత్రం వాడి చేతకాలేదు.
నలభై వేల వల
మూడువందల అరవైకి.
మళ్లీ తిప్పి పంపాను.
వాడు ఏడవలేదు. అదే నన్ను పట్టుకుంది.

నిషేధం ఎత్తేసిన పదో రోజు, తెల్లవారకముందే
మసేను.
చేపల్లేవు. సగం వల.
"సుక్కల సొర పడింది బావూ, సింహాచలం బస్సంత.
కళ్లేమో గోలీకాయలంతే.
సూస్తా ఉండిపోనాను.
తెగింది కాదు, నానే కోసీసినాను. అబద్ధం రాయకు."

కోసిన వలకి పరిహారం వేరే ఆఫీసు,
వేరే ఫారం, సొర బతికి వెళ్తున్న ఫోటో.
చీకట్లో ఎవరు తీశారు ఫోటో?
అంచు తడిమి చూశాను.
సూటిగా ఉంది, ఆ కుర్రాడు కోసినట్టే.

కాటా మీద పద్నాలుగు కిలోలు.
మిగతా బరువు
ఈదుకుంటూ యారాడ కొండ వెనక్కి వెళ్లిపోయింది.

'తెగిన వల' అని రాశాను.
ఐదువందల అరవై లెక్కపెట్టి తలెత్తితే
ఐసు మిల్లు గోడ దగ్గర
ఎల్లాజీ కొడుకు,
నా చేతినీ, ఆ అంచునీ
మార్చి మార్చి చూస్తున్నాడు.