మూడో మలుపు

అర్కాన్సాస్‌లో, వైట్ నది వంపు దగ్గర
మూతపడ్డ టైర్ల షాపు మా స్టూడియో.
గోడలకి ఇంకా రబ్బరు వాసన.
వాన పడితే పైన రేకులు వాయిస్తాయి,
వాటికి డబ్బులివ్వక్కర్లేదు.

నా పని మైకులు పెట్టడం,
ఏ గొంతుకి ఎంత దూరమో కొలవడం.
క్లియోథా బాస్కమ్‌కి జానెడు చాలు.
డెబ్బై తొమ్మిదేళ్ల గొంతు,
అడుగంటిన గిన్నెని గరిటెతో గీకినట్టుంటుంది.
ఆ మాడులోనే రుచి.

ఎడమచేతి ఉంగరపు వేలు
ఎప్పుడో రంపపు మిల్లు తినేసింది.
చిటికెన వేలికి రెంచి సాకెట్టు తొడుక్కుని
గిటారు తీగల మీద జారుస్తాడు.
ఏడుస్తోంది, అంటారు పత్రికల వాళ్లు.
గ్రీజు తక్కువైంది, అంటాడు ఆయన.

ఈ ఆల్బమ్‌కి నలుగుర్ని పిలుద్దామంది కంపెనీ.
టెక్సస్ నుంచి యుసేబియో కాంతూ
అకార్డియన్ మోసుకొచ్చాడు,
పసిపిల్లకి మెడ కింద చెయ్యి వేసి ఎత్తుకున్నట్టు.
మెంఫిస్ పిల్ల డెజరే, ఇరవై రెండేళ్లు,
పాడేముందు చెప్పులు విడిచి
పాదాలు సిమెంటుకి ఆనించుకుంటుంది.
కెంటకీ బొగ్గు కొండల నుంచి వెర్లిన్ స్టాంపర్,
తన ఫిడేలు కన్నా సన్నగా, దానికన్నా పాతగా.

డ్రమ్ముల దగ్గర ఎవరూ లేరు.
ఆ స్టూలు రూఫస్‌ది. మార్చిలో పోయాడు.
"యాభై ఏళ్లు నా వెనకే కూర్చున్నాడు,
ఇప్పుడు ముందెళ్లాడు" అన్నాడు క్లియోథా.
తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు.
మడమలతోనే తాళం వేసుకున్నాం.

మూడో రోజు మధ్యాహ్నం
వేయించిన చేపలు కాగితంలో ఎదురుచూస్తున్నాయి.
లేవబోతూ లేవబోతూ
క్లియోథా ఊరికే కూనిరాగం తీశాడు.
మాటల్లేవు. వాళ్లమ్మ
ఊళ్లోవాళ్ల చొక్కాలు ఇస్త్రీ చేస్తూ తీసేదట.
కాలరు దగ్గర నెమ్మది,
వీపు దగ్గర సాగదీత,
పెట్టె నిలబెట్టి నిప్పులు ఊదేటప్పుడు
ఒక్క ఊపిరి విరామం.

మూల నుంచి ఫిడేలు అందుకుంది.
తడుముకోలేదు,
సొంత ఇంటి మెట్లు చీకట్లో ఎక్కినట్టు.

గది ఆగిపోయింది.
"ఎక్కడిది నీకది?"
"మా నాయనమ్మది. వెన్న చిలుకుతూ."

ఎవరి చొక్కాలు ఎవరు ఉతికారో
అక్కడున్న అందరికీ తెలుసు.
చిన్నవాళ్లం మేం నేల చూశాం.
వెర్లిన్ కమాను దించి, మెల్లిగా,
"మా ఇంట్లో ఇస్త్రీ చొక్కా తాతకొక్కడికే,
అదీ ఒక్కసారే, పెట్టెలో పడుకోబెట్టినప్పుడు" అన్నాడు.
నా వేలు బటన్ మీద ఉంది.
ఎర్రదీపం వెలుగుతోంది. ఆపలేదు.

"అయితే మా అమ్మ దగ్గర అరువు పుచ్చుకుని
మీ నాయనమ్మ తిరిగివ్వలేదన్నమాట."
"ఇదిగో, వడ్డీతో తెచ్చాను."

ముందు డెజరే నవ్వింది.
ముసలాళ్లు నవ్వలేదు. వాయించారు.

మూడో మలుపులో అమ్మ కిందికి దిగుతుంది,
నాయనమ్మ పైకెక్కుతుంది.
ఎవరూ తగ్గలేదు.
ఆ మధ్య సందులో యుసేబియో గాలి నింపాడు.
డెజరే మాట కోసం వెతికి, మానేసి,
ఊఁ అంది, అంతే.
ఎవరూ తాకని రూఫస్ డ్రమ్ము
అడుగు తీగలు బరబరమన్నాయి.

మామూలుగా ఆ చప్పుడు తుడిచేస్తాను.
అద్దం అవతల నుంచి క్లియోథా
వద్దని తలూపాడు.

కంపెనీ కాగితంలో రచన అని ఒక గడి.
ఖాళీగా వదిలితే ఒప్పుకోరు.
చీకటి పడేదాకా దాని చుట్టూ తిరిగాం,
చేపలు చల్లారాయి, వాన వచ్చి పోయింది.
చివరికి క్లియోథా పెన్ను అడిగాడు.
కాలరు దగ్గరికొచ్చినంత నెమ్మదిగా
వాళ్లమ్మ పేరు రాశాడు,
అక్షరం తప్పి రెండుసార్లు కొట్టేసి.
పక్కన కాస్త చోటు వదిలి
కాగితం వెర్లిన్ వైపు జరిపాడు.

వెర్లిన్ జేబులన్నీ తడుముకుంటున్నాడు
కళ్లజోడు కోసం.