జిరాక్సులో ఎన్నూరు

కొరుక్కుపేట తెలుగు బడి, ఏడో తరగతి.
పటం తగిలించే మేకు ఊడి ఏడాదయింది.
ఇవాళ భూగోళం పుస్తకం తెరవొద్దన్నాను.
ముప్పై ఒక్క మందికి ముప్పై ఒక్క జిరాక్సులు,
నిరుడు నేను తీసిన ఫోటో.
రంగు కాపీ పది రూపాయలంటే
నలుపు తెలుపుతో సరిపెట్టాను.

యంత్రం తన భూగోళం తను రాసుకుంది:
నీళ్ళూ బూడిదా ఒకటే మసి,
ఆకాశం ఉత్త కాగితం,
పొగగొట్టాలు రెండు, పాతిన గుంజ ఒకటి,
నడుములోతులో వంగి ఒక ఆడమనిషి.

"చూసింది చెప్పండి. తెలిసింది తర్వాత."

"రాత్రి సార్" అంది హెప్సిబా.
"రాత్రయితే గుంజకి నీడెక్కడిది?"
వెనక బెంచీలోంచి మునిరత్నం.
పొగగొట్టాల వెనక సముద్రం,
నీడ మన వైపు వస్తోంది,
అయితే పొద్దున్నే!
తరగతి తరగతంతా కాగితాలెత్తి
కిటికీకేసి పట్టుకుంది,
అసలు సూర్యుడితో సరిచూసుకోడానికి.

నా నోట్సులో మూడు మాటలున్నాయి:
ముఖద్వారం, ఒండ్రు, థర్మల్ కేంద్రం.
మెల్లగా అటే తోలుకుపోతున్నాను.
"ఆమె ఏం చేస్తోంది?"
బట్టలుతుకుతోంది. స్నానం. ఏదో పారేసుకుంది.
"పమిట తడవకుండా పళ్ళతో పట్టుకుంది, చూడండి"
అన్నాను, తెలిసినవాడిలా.

"పమిట కాదు సార్."
జూన్ నుంచి నోరు విప్పని అంజలై లేచింది.
"తాటాకు బుట్ట. పళ్ళతో కరుచుకుంటారు.
చేతులు రెండూ అడుగున ఉండాలి కదా,
బురదలో రొయ్య కదిలితే వేళ్ళకే తెలిసేది.
గుంజ మీద గుల్లల గీత తేలింది, ఇది ఆటు.
ఇంకో గంటే టైము.
గొట్టాల పక్క వేడినీళ్ళొస్తాయి,
మా అవ్వ అటు పోదు."
కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని,
"ఈమె పోయింది.
ఇటు పక్క చాలామంది ఉండుంటారు సార్,
ఫోటోలో పట్టలేదు."

సుద్దముక్క 'ఒండ్రు' రాయబోయి
'ఒ' దగ్గర ఆగిపోయింది.

"తీసినవాళ్ళు ఎక్కడ నిలబడ్డారు?"
మునిరత్నమే మళ్ళీ.
ఈ ప్రశ్న నేర్పాలనే కదా వచ్చాను.
నిలబడలేదురా, కూర్చున్నాను.
ఏడూ నలభై గుమ్మిడిపూండి బండి, కిటికీ సీటు,
సిగ్నల్ పడక వంతెన మీద నాలుగు నిమిషాలు.
ఆమె ఒకసారి తలెత్తింది.
అప్పుడు నొక్కలేకపోయాను.
దించాక నొక్కాను.
ఈ ముక్క మాత్రం తరగతికి చెప్పలేదు.

ఇంటిపని: బొమ్మ చుట్టూ తెల్ల అంచుంది,
ఫోటోలో పట్టనిది అందులో గీసుకు రండి.

మర్నాడు
కాకులు, ఇడ్లీ బండి, ఓడల మీద ఓడలు.
హెప్సిబా తన రాత్రిని వదల్లేక
మూలగా ఒక చందమామ పెట్టింది.
అంజలై కాగితంలో పైన ఏమీ లేదు, పక్కల్లోనూ లేదు.
కింది అంచులో రైలు పెట్టె,
మూడు కమ్మీల కిటికీ,
లోపల కళ్ళజోడు, మీసం,
నా గళ్ళ చొక్కా కూడా.

చేతులు గీయలేదు.