పిడి ఉన్న మాట

బెవర్లీ కౌంటీ హాలు, మూడో అంతస్తు.
కిటికీకి అవతల వాన, ఇవతల నేను.
నా ఉద్యోగం ఒకటే: కాదనడం.
మర్యాదగా, సంతకం పెట్టి, ఫైలు నంబరు వేసి కాదనడం.

ఏటా కాస్త కాస్త సముద్రం కొరుక్కుతింటున్న
ఊళ్ల నుంచి ఉత్తరాలొస్తాయి.
గోడ కట్టండి. బండరాళ్లు పోయించండి. రోడ్డు వెనక్కి జరపండి.
ఒకావిడైతే, చర్చి గంటనైనా
పడకముందే దింపండి, అని.

ఇరవై ఆరేళ్లలో తెలిసొచ్చింది,
కుదరదన్న చిన్న ముక్కకి
ఇంగ్లీషులో ఎన్ని గదులున్నాయో.
ఇన్‌ఫీజబుల్ లెక్కలవాడి మాట,
కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అంటాడు.
నాట్ వయబుల్ అంటే డబ్బుల్లేవు, అంతే.
అన్‌వర్కబుల్ అంటే
ముందెవరో చేసి చూసి చేతులు కాల్చుకున్నారని.
అన్‌టెనబుల్ అని రాశానా,
ఆ ఇంట్లో కెటిల్ ఇంకా వెచ్చగా ఉండగానే
గేటుకి పసుపు టేపు చుట్టేస్తారు.
ఇంపాసిబుల్ మాత్రం ఎన్నడూ రాయలేదు.
మా పాత అధికారి మిసెస్ ఆక్లండ్
ఎర్ర సిరాతో కొట్టేసేది:
“అది దేవుడి డిపార్టుమెంటు. మనది డ్రైనేజీ.”

నాకు అలవాటైంది ఇంప్రాక్టికబుల్.
పొడుగు మాట, మెత్తటి మాట.
చివరి అక్షరం చేరేసరికి
చదివేవాడి కోపం సగం చల్లారిపోతుంది.

థార్న్‌విక్ నుంచి హెడ్లీ గార్బట్ రాశాడు.
గీతల కాగితం, పెన్సిలు.
ఇంటి ఊసే ఎత్తలేదు.
అంచు మీద ఒక పావురాల గూడు, నలభై ఒక్క పక్షులు,
పొలం అవతలి కంచె దాకా తరలించడానికి సాయం కావాలట.
పక్షులు తెలిసిన మనిషినడిగాను.
ముసలి పావురాలకి కొత్త చోటు మప్పలేమండీ, అన్నాడు.
ఎక్కడ వదిలినా పాత చోటికే వస్తాయి,
చోటు మిగలకపోయినా.
రాశాను: తరలింపు ఇంప్రాక్టికబుల్. విచారిస్తున్నాం.

నాలుగో రోజు ఫోను.
“ఇంపాసిబుల్ అన్లేదు కదా నువ్వు?”
“లేదండీ.”
“ఇంప్రాక్టికబుల్ అన్నావు.”
“అవునండీ.”
కాసేపు హోరు. సముద్రమో, ఆయన ఊపిరో.
“సరే అయితే,” అని పెట్టేశాడు.

రెండేళ్లకి, మార్చిలో, సర్వేకి వెళ్లాను.
రబ్బరు బూట్లు, కొలత టేపు.
గడ్డిలో వరసగా చదరాలు,
పరుపు ఎత్తేసిన మంచాల జాడల్లాగా.
పాతవి మళ్లీ పచ్చబడుతున్నాయి, కొత్తవి పాలిపోయి ఉన్నాయి.
మొట్టమొదటిది లేదు.
రెండోది సగమే ఉంది, మిగతా సగం గాలి.
చివరిదాని దగ్గర పెద్దాయన,
నోట్లో మేకులు పెట్టుకుని.
పలకా పలకా విప్పి, మళ్లీ కూర్చి,
నెలకి తొమ్మిది అడుగులు.
అంతకు మించితే వాటికి అనుమానమొస్తుందన్నాడు,
మేకుల మధ్యనుంచే.

అప్పుడే హంబర్ దాటి తిరిగొచ్చాయి.
ఒకదాని వెనక ఒకటి, తిన్నగా గూట్లోకి.
ఒక్కటి మాత్రం, నీలిమెడ ముసలిది,
మా తలల మీదుగా సముద్రం మీదికి పోయి
ఏమీ లేనిచోట, ఒకప్పటి గుమ్మం ఎత్తున,
వాలడానికి కాళ్లు చాపింది.
“ఆగ్నెస్,” అన్నాడు. “రోజూ ముందు అక్కడికే.”
“వస్తుందా?”
“చల్లారిన టీ వేళకి.”

ఆఫీసులో ఫైలు తీశాను.
నిర్ణయంలో మార్పు ఉందా, అని ఒక గడి.
లేదు, అని రాశాను. అబద్ధం కాదు,
ఆ పని ఇప్పటికీ ఇంప్రాక్టికబులే.
ఇన్నేళ్లూ ఆ మాట గోడ అనుకున్నాను.
దానికో పిడి ఉందని
అవతలివైపు నిలబడ్డ మనిషి
తడిమి చూస్తే గాని తెలియలేదు.

కంచెకి ఇంకా అయిదు వందల నలభై అడుగులు.
ఆయనకి ఎనభై నాలుగు.
లెక్క నా వేళ్ల మీదే తేలింది.
ఏ మాటా రాయకుండా
ఫైలు మూశాను.